తూటాలు లెక్కపెట్టే భయం

వీడియో గేముల్లో సర్వైవల్ హారర్ అనే రకాన్ని గుర్తుపట్టాలంటే దెయ్యాలు, జాంబీలు ఉన్నాయా లేదా అని చూస్తే సరిపోదు. 1993లో వచ్చిన డూమ్‌లో నరకం నుంచి ఊడిపడ్డ రాక్షసులున్నారు, చీకటి గదులున్నాయి, కావలసినంత నెత్తురుంది. అయినా దాన్ని ఈ కోవలో చేర్చరు. అందులో ఆటగాడు తుపాకీ పట్టుకుని రాక్షసుల మీదికి దూసుకుపోతాడు. ఎవరైనా భయపడాల్సి వస్తే అది రాక్షసులే. ఇటు మైన్‌క్రాఫ్ట్ సర్వైవల్ పద్ధతిలో ఆకలి ఉంది, రాత్రి ఉంది, రాత్రిపూట తిరిగే శత్రువులున్నారు, ప్రాణం కాపాడుకోవడమే పని. అదీ ఈ కోవలోకి రాదు. డూమ్‌లో భయపెట్టే సరంజామా ఉంది గానీ లేమి లేదు. మైన్‌క్రాఫ్ట్‌లో లేమి ఉన్నా ఓపిగ్గా తవ్వుకుంటూ పోతే తీరిపోతుంది; తిండీ, గూడూ, కవచమూ అన్నీ అమరుతాయి. సర్వైవల్ హారర్ ఈ రెంటినీ కలిపి ముడివేస్తుంది. గుండె దడదడలాడుతున్నప్పుడే లెక్క వేయాలి. ఆ లెక్క తప్పుతుందేమోనన్న అనుమానం మళ్లీ దడను పెంచుతుంది. ఆటగాడికి ఎదిరించే శక్తి కొంత ఉంటుంది, అది చాలకపోవచ్చు. చాలుతుందో లేదో ముందుగా తెలిసే వీలు ఉండదు.

ఈ ముడి ఒక్కరోజులో పడలేదు. జడ్‌ఎక్స్81 కంప్యూటర్ మీద ఆడిన త్రీడీ మాన్‌స్టర్ మేజ్‌లో చిక్కుదారుల మధ్య డైనోసార్ తరుముకొచ్చేది. 1982లో అటారీ విడుదల చేసిన హాంటెడ్ హౌస్‌లో చీకట్లో రెండు కళ్లు మాత్రమే కనిపించేవి. ఇవి బీజాలు. అసలు చట్రం 1989లో జపాన్‌లో కాప్కామ్ కంపెనీ ఫామికామ్ కోసం చేసిన స్వీట్ హోమ్‌లో కనిపిస్తుంది. కియోషి కురొసావా తీసిన అదే పేరుగల సినిమా దీనికి ఆధారం. ఆటకు దర్శకుడు తోకురో ఫుజివారా. చనిపోయిన ఒక చిత్రకారుడి భవంతిలోకి ఐదుగురు వెళ్లి చిక్కుకుపోతారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సాధనం ఉంటుంది: ఒకరికి లైటర్, ఒకరికి మందుల పెట్టె, ఒకరికి తాళంచెవి, ఒకరికి కెమెరా, ఇంకొకరికి వాక్యూమ్ క్లీనర్. ముగ్గురికి మించి కలిసి నడవడానికి లేదు. చనిపోయినవాళ్లు తిరిగి రారు. మందుల పెట్టె ఉన్న మనిషి పోతే ఆ వైద్యమూ పోయినట్టే. దానికి బదులు పనికొచ్చే వస్తువేదైనా ఎక్కడో వెతుక్కోవాలి, ఉన్న కాస్త చోటులో దాన్ని మోసుకు తిరగాలి. తెర మీద బొమ్మలు వేలెడంత లేవు, అయినా బెంగ పెట్టిస్తాయి.

మూడేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో ఇన్ఫోగ్రామ్స్ కోసం ఫ్రెడరిక్ రేనాల్ చేసిన అలోన్ ఇన్ ది డార్క్ ఇంకో సంగతి చేర్చింది. డెర్సెటో అనే పాత భవంతిలో ముందే గీసిపెట్టిన గదుల మీద త్రీడీ మనిషి నడుస్తాడు. కెమెరా ఆటగాడి చేతిలో ఉండదు. ఒక్కో గదిలో ఎవరో ముందే ఎంచిపెట్టిన మూల నుంచి చూస్తుంది. అందులో కొన్ని ప్రాణులను కొట్టి చంపడం కుదరదు. మెట్ల దగ్గర కాపుకాసిన రెక్కల జీవుల అడ్డు తొలగాలంటే తుపాకీ పనికిరాదు, అద్దాలు కావాలి.

ఈ రెండు పాయలూ కలిసింది 1996 మార్చిలో. స్వీట్ హోమ్ పద్ధతులతో ప్లేస్టేషన్‌కు ఓ భయానక ఆట చేయమని ఫుజివారా పురమాయిస్తే షింజి మికామి రెసిడెంట్ ఈవిల్ తయారుచేశాడు. జపాన్‌లో దాని పేరు బయోహజార్డ్. ఆట లోడయ్యేటప్పుడు సర్వైవల్ హారర్‌లోకి అడుగుపెట్టమంటూ తెర మీద వచ్చే మాటే తర్వాత ఈ జాతి మొత్తానికీ పేరైంది. అంతకుముందు వచ్చిన ఆటలకు ఆ పేరు వెనక్కి వెళ్లి తగిలించిందే.

రెసిడెంట్ ఈవిల్‌లోని స్పెన్సర్ భవంతిని కొంచెం దగ్గరగా చూస్తే ఈ జాతి లక్షణాలు వరసగా బయటపడతాయి. క్రిస్ రెడ్‌ఫీల్డ్‌గా ఆడితే వస్తువులు పెట్టుకోవడానికి ఆరే గళ్లు. జిల్ వాలెంటైన్‌కు ఎనిమిది. తుపాకీ ఒక గడి, దాని తూటాలు ఒక గడి, గాయం మాన్పే పచ్చమూలిక ఒక గడి, తలుపు తాళంచెవి ఒక గడి. ఆటను సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దగ్గరికి వెళ్లాలి, అందులో వేయడానికి ఇంకు రిబ్బన్ కావాలి. రిబ్బన్లు ఆటలో లెక్కపెట్టి ఉంటాయి, అవీ ఒక గడిని ఆక్రమిస్తాయి. అంటే తన కష్టాన్ని భద్రం చేసుకోవడం కూడా ఖర్చు కింద లెక్కే. అరగంట ఆడి సేవ్ చేస్తే రిబ్బన్ వృథా అవుతుందేమో. చేయకుండా తర్వాతి తలుపు తీస్తే ఆ అరగంట గాలికి పోతుందేమో. కంప్యూటర్ ఆటల్లో బతుకు, చావు ఉత్తుత్తివే. ఆటగాడు వెచ్చించిన అరగంట మాత్రం నిజం. మికామి బృందం ఉత్తుత్తి చావుకు నిజమైన వెల కట్టింది.

తూటాల సంగతీ ఇంతే. ఒక్కో జాంబీ నేలకూలడానికి ఐదారు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడతాయి. ఇరుకు నడవాలో జాంబీ నిలబడి ఉంటుంది, ఆ దారిన మళ్లీ మళ్లీ పోక తప్పదు. చంపితే తూటాలు ఖర్చు. చంపకుండా పక్కనుంచి జారుకోబోతే కరవచ్చు, కరిస్తే మూలిక ఖర్చు. నెలాఖరున చేతిలో ఉన్న డబ్బును ఏ బాకీకి ముందు కట్టాలో తేల్చుకునే ఇంటి లెక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు, ఇక్కడ బాకీవాడు నడిచొస్తుంటాడు, అంతే. 2002లో గేమ్‌క్యూబ్ కోసం ఇదే ఆటను మళ్లీ చేసినప్పుడు మికామి బృందం ఆ లెక్కను మరింత బిగించింది. చంపిన జాంబీని తల ఎగరగొట్టకుండా, శవాన్ని తగలబెట్టకుండా వదిలేస్తే కొంతసేపటికి ఎర్రబారి లేస్తుంది, మునుపటికంటే వేగంగా పరుగెత్తుకొస్తుంది. తగలబెట్టడానికి కావలసిన కిరోసిన్ కూడా కొలతగానే దొరుకుతుంది. దాంతో ఆటగాడు ముందున్న తలుపును చూసే కాదు, గంట క్రితం వదిలేసి వచ్చిన గదిని తలుచుకునీ భయపడతాడు. లేమిని ఇంత తెలివిగా వాడుకున్న ఆటలు ఈ జాతిలో తక్కువే.

అయితే లేమి ఒక్కటే ఉంటే అది చదరంగం లాంటి లెక్క అవుతుంది, భయం కాదు. లెక్కలో తెలియనిది ఒకటి ఉండాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెల్లడించిన ప్రయోగం దీనికి బాగా సరిపోతుంది. 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక ఆట ఆడించారు. తెర మీద రాళ్లు వస్తాయి. రాయి కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టించే కరెంటు షాక్ తగులుతుంది. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతో ఆడుతూ ఆడుతూ పసిగట్టాలి, పసిగట్టేలోపు ఆ అవకాశమే మారిపోతుంటుంది. చెమట, కంటిపాప వెడల్పు కొలిచి చూస్తే, ఒత్తిడి శిఖరానికి చేరింది షాక్ తప్పదని తెలిసినప్పుడు కాదు, తగిలే అవకాశం సరిగ్గా సగం ఉన్నప్పుడు. తప్పని నొప్పికంటే తేలని నొప్పే మనిషిని ఎక్కువ నలిపింది. పరిశోధకులు అనుకుని చేశారో లేదో గానీ, ఆ ప్రయోగం దానికదే చిన్న సర్వైవల్ హారర్ ఆట.

ఈ జాతిలో పేరుపడ్డ ఆటల రూపకల్పన అంతా ఆటగాణ్ణి ఆ సగం సగం దగ్గర నిలిపి ఉంచే ప్రయత్నమే. పాత రెసిడెంట్ ఈవిల్‌లో గది మారేటప్పుడల్లా తెర నల్లబడి ఒక తలుపు మెల్లగా తెరుచుకుంటుంది. డిస్క్ నుంచి తర్వాతి గది లోడయ్యే ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి పెట్టిన ఏర్పాటు అది. కానీ ఆ కొన్ని సెకన్లూ ఆటగాడికి అవతల ఏముందో తెలియదు, వెనక్కి తగ్గే వీలూ లేదు. మూలనుంచి చూసే కెమెరా కూడా అలాంటిదే. పాత్రకు ఎదురుగా ఉన్నది ఆటగాడికి కనిపించదు. నేల మీద ఈడ్చుకొచ్చే అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. 1999లో కొనామీ తెచ్చిన సైలెంట్ హిల్‌లో ఊరంతా పొగమంచు. దూరంగా ఉన్న భవనాలను గీయడానికి మొదటి ప్లేస్టేషన్ శక్తి చాలదు, దగ్గరకొస్తే తప్ప ఏదీ కనిపించకుండా మంచు కప్పేశారు. ఆ మంచే ఆ ఊరికి గుర్తింపుగా మిగిలింది. యంత్రం బలహీనతను బలంగా మార్చుకోవడంలో ఈ జాతికున్నంత నేర్పు వేరే జాతి ఆటలకు లేదనే చెప్పాలి.

సైలెంట్ హిల్‌లో హ్యారీ మేసన్ అనే తండ్రి తప్పిపోయిన కూతురి కోసం తిరుగుతుంటాడు. సైనికుడు కాడు, రచయిత. గురి కుదరదు, కాస్త పరుగెత్తితే రొప్పుతాడు. అతని జేబులో ఒక చిన్న రేడియో ఉంటుంది. రాక్షసులు దగ్గరికొస్తే అది గరగరమంటుంది. ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పదు, వస్తున్నాయని మాత్రమే చెబుతుంది. పూర్తి సమాచారం భయాన్ని చంపేస్తుంది, ఏమీ చెప్పకపోతే ఆటగాడు విసుగెత్తి వదిలేస్తాడు. కీచిరో తొయామా బృందం ఆ రెండింటి మధ్య సరైన చోట ఆగింది. అకిరా యమఒకా కూర్చిన సంగీతంలో రాపిడి, లోహపు మోత ఎక్కువ. ఏది సంగీతమో, ఏది పక్క గదిలోంచి వస్తున్న చప్పుడో చాలాసార్లు తేలదు.

చీకట్లో చప్పుడు మరింత భయపెట్టడానికి శరీరశాస్త్రంలో ఆధారం ఉంది. హఠాత్తుగా పెద్ద శబ్దం వినబడితే మనిషి కనురెప్పల కండరాలు సుమారు 40 మిల్లీసెకన్లలోనే బిగుసుకుంటాయి, ఆలోచన అందుకోలేనంత త్వరగా. ఈ ఉలికిపాటు ఎంత గట్టిగా ఉంటుందన్నది అప్పటికే మనిషి ఎంత బెదురుగా ఉన్నాడన్న దానిమీద ఆధారపడుతుంది. చీకట్లో కూర్చోబెట్టి అదే శబ్దం వినిపిస్తే మనుషులు వెలుతురులో కంటే ఎక్కువ ఉలిక్కిపడతారని క్రిస్టియన్ గ్రియాన్ బృందం 1997లో చూపింది. ఎలుకల్లో దీనికి తలకిందులు: అవి రాత్రి తిరిగే జీవులు కాబట్టి ప్రకాశవంతమైన వెలుతురులో ఎక్కువ బెదురుతాయి. ఎలుకలు సర్వైవల్ హారర్ ఆటలు తయారుచేసుకుంటే వాటిలో కరెంటు పోదు, ట్యూబ్‌లైట్లు వెలుగుతాయి.

ఉలికిపాటును ఎవరైనా కొనుక్కోవచ్చు. నిశ్శబ్దం తర్వాత ఒక్క కేక పెడితే చాలు. రెసిడెంట్ ఈవిల్‌లో ఖాళీ నడవాలోకి కిటికీ అద్దాలు పగలగొట్టుకుని కుక్కలు దూకే ఘట్టం చాలామందికి గుర్తుండిపోయింది. దాని బలం అద్దాలు పగిలిన ఆ ఒక్క క్షణంలో లేదు. అప్పటివరకూ నడవా అంటే గదికీ గదికీ మధ్య దారి, అంతే. ఆ తర్వాత ఆటలో కిటికీ ఉన్న ప్రతి నడవా అనుమానాస్పదమే. ఉలికిపాటు తర్వాత మిగిలే ఈ జాగరూకతే సర్వైవల్ హారర్‌కు పనికొచ్చే సరుకు. కేకలే నమ్ముకున్న ఆటలు రెండోసారి ఆడినప్పుడు చప్పగా ఉండటానికి కారణం ఇదే.

తరుముకొచ్చే శత్రువు మరో ప్రధాన పాయ. 1995 నాటి జపాన్ ఆట క్లాక్ టవర్‌లో పెద్ద కత్తెర పట్టుకుని ఒకడు వెంటపడతాడు. జెనిఫర్ అనే అమ్మాయి పారిపోవాలి, దాక్కోవాలి, అంతకుమించి చేయగలిగింది తక్కువ. ఇలా ఒకరు తరుముతుంటే మెదడులో ఏం జరుగుతుందో లండన్‌లోనే డీన్ మాబ్స్ బృందం 2007లో సైన్స్ పత్రికలో చూపింది. పాక్‌మాన్ తరహా చిక్కుదారిలో ఒక కృత్రిమ వేటగాడు వెంటాడతాడు, పట్టుకుంటే షాక్. వేటగాడు దూరంగా ఉన్నంతసేపూ మెదడు ముందుభాగం, అంటే ఉపాయాలు ఆలోచించే చోటు చురుగ్గా ఉంది. దగ్గరపడేకొద్దీ చురుకుదనం మెదడు లోతుల్లోని పాత భాగానికి, కొయ్యబారడం, పారిపోవడం వంటి చర్యలను నడిపే చోటుకు జారిపోయింది. ఆటగాడి అనుభవం కూడా అంతే. దూరంగా అడుగులు వినిపిస్తే ఏ గదిలోంచి చుట్టుతిరిగి వెళ్లాలా అని పథకం వేస్తాడు. అడుగులు పక్క గదిలోకి వచ్చాక కంట్రోలర్ మీద ఏ బటన్ నొక్కాలో మర్చిపోతాడు.

ఈ దూరాన్ని అటూ ఇటూ లాగుతూ ఉండటమే 2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్ గొప్పతనం. అంతరిక్ష కేంద్రంలో అమండా రిప్లీ అనే కథానాయికను ఆటలో చాలాభాగం ఒకే ఒక్క ప్రాణి వేటాడుతుంది. దాన్ని చంపడం కుదరదు. దాని వెనక రెండు పొరల ప్రోగ్రామ్ ఉంది. పైపొరకు ఇద్దరూ ఎక్కడున్నారో తెలుసు. అది ఆ ప్రాణికి కచ్చితమైన చోటు చెప్పదు, ఫలానా వైపు వెతకమని మాత్రం సూచిస్తుంది. అక్కడి నుంచి కళ్లతో, చెవులతో వెతుక్కోవాల్సింది ఆ ప్రాణే. ఆటగాడిమీద ఒత్తిడి మరీ పెరిగిందనిపిస్తే పైపొర దాన్ని కాసేపు వెనక్కి పంపుతుంది. ఆ విడుపు జాలితో ఇచ్చింది కాదు. ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండే భయానికి మనిషి అలవాటుపడిపోతాడు కాబట్టి ఇచ్చింది. సేవ్ చేసే చోట కూడా కార్డు పెట్టాక దీపాలు ఒక్కొక్కటిగా వెలిగేదాకా నిలబడాలి. ఈలోపు వెనక నుంచి ప్రాణి వచ్చి పడవచ్చు.

విడుపు అవసరమని తెలిసిన ఆటలే ఈ జాతిలో నిలిచాయి. రెసిడెంట్ ఈవిల్‌లో టైప్‌రైటర్ ఉన్న గదిలో శత్రువులు అడుగుపెట్టరు, అక్కడ సంగీతం కూడా నెమ్మదిస్తుంది. డెన్మార్క్‌లో ఒక భూత్‌బంగళా ప్రదర్శనకు వెళ్లిన 110 మంది గుండె వేగం కొలిచి 2020లో అక్కడి పరిశోధకులు తేల్చినదాన్ని బట్టి, భయం పెరిగేకొద్దీ ఆనందం కొంతదూరం పెరిగి, ఆపైన తగ్గుతుంది. మరీ తక్కువ భయం చప్పగా, మరీ ఎక్కువైతే దుర్భరంగా ఉంటుంది. భద్రమైన గది ఆటగాణ్ణి ఆ అంచు దాటి పడిపోకుండా పట్టుకుంటుంది.

ఇక సరిహద్దు తగాదాలు. మికామి స్వయంగా దర్శకత్వం వహించిన రెసిడెంట్ ఈవిల్ 4, 2005లో కెమెరాను పాత్ర భుజం వెనక్కి తెచ్చింది. గురి సులువైంది, చచ్చిన శత్రువులు తూటాలు వదిలిపోవడం మామూలైంది. ఆట గొప్పది, అందులో సందేహం లేదు. కానీ చేతి నిండా తూటాలున్నప్పుడు నడవాలో నిలబడ్డ శత్రువు సమస్య కాడు, ఆదాయం. 2008 నాటి డెడ్ స్పేస్ అదే కెమెరాను తీసుకుని కాస్త వెనక్కి లాగింది: వస్తువుల పట్టీ తెరిచినా ఆట ఆగదు, వెతుక్కుంటున్న ఆటగాడిమీద శత్రువు పడవచ్చు. అదే ఏడాది వచ్చిన లెఫ్ట్ 4 డెడ్‌లో జాంబీలు గుంపులు గుంపులుగా ఉన్నా, నలుగురు స్నేహితులు కలిసి కాల్చుకుంటూ పోయే ఆట అది. ఎవరో ఒకరు పక్కన ఉన్నారన్న ధైర్యం భయాన్ని సగం తినేస్తుంది.

రెండో సరిహద్దు దీనికి ఎదురు దిక్కున ఉంది. స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో తెచ్చిన ఆమ్నీషియా: ది డార్క్ డిసెంట్‌లో ఆయుధమే లేదు. దాక్కోవడం, పరుగెత్తడం, అంతే. అసలు ఎదిరించలేనప్పుడు దాన్ని సర్వైవల్ హారర్ అనవచ్చా అన్నది అభిమానుల మధ్య పాత చర్చ. ఆమ్నీషియా విషయంలో అనవచ్చు, ఎందుకంటే అందులో లెక్క పోలేదు, తూటాల నుంచి వెలుతురు మీదికి మారింది. లాంతరు నూనె, దీపాలు ముట్టించే అగ్గి కొద్దికొద్దిగా దొరుకుతాయి. చీకట్లో ఉంటే కథానాయకుడి మతి చెదురుతుంది, వెలుతురులో ఉంటే రాక్షసుల కంటపడతాడు. నీళ్లు నిండిన నేలమాళిగ ఘట్టంలో శత్రువు కనిపించనే కనిపించదు. నీళ్లలో చిమ్మే చుక్కలే దాని ఆనవాలు. పెట్టె మీంచి పెట్టె మీదికి దూకుతూ, అవసరమైతే అక్కడ పడి ఉన్న మాంసపు ముక్క ఒకటి దూరంగా విసిరి దాన్ని మళ్లించి, ఆ సందులో తలుపు దగ్గరికి పరుగెత్తాలి. 2013 నాటి ఔట్‌లాస్ట్‌లో ఆ లెక్క వీడియో కెమెరా బ్యాటరీలకు చేరింది. అయితే ఆ తర్వాత వచ్చిన అనుకరణల్లో చాలావాటికి ఏ లెక్కా లేదు, గదుల్లో నడుస్తూ కేకలు వినడమే పని. వాటిని భయానక ఆటలనవచ్చు, అంతకుమించి కాదు.

సరిహద్దు ఒక్కోసారి ఒకే ఆట మధ్యలోంచి పోతుంది. 2019లో మళ్లీ చేసిన రెసిడెంట్ ఈవిల్ 2ను మామూలు స్థాయిలో ఆడితే ఎన్నిసార్లయినా సేవ్ చేసుకోవచ్చు. హార్డ్‌కోర్ స్థాయిలో ఇంకు రిబ్బన్లు తిరిగొస్తాయి, పోలీస్ స్టేషన్‌లో వెంటపడే మిస్టర్ ఎక్స్ అడుగుల చప్పుడుకు అప్పుడు వేరే బరువు వస్తుంది. 1996 నాటి మొదటి ఆటను మూడు గంటల్లోపు ముగించినవాళ్లకు బహుమానంగా ఎంత కాల్చినా తరగని రాకెట్ లాంచర్ దొరికేది. దాంతో మళ్లీ ఆడితే అదే భవంతి, అవే జాంబీలు, అదే కెమెరా, కిటికీలోంచి దూకే అవే కుక్కలు; సర్వైవల్ హారర్ మాత్రం అందులో ఉండదు.